మా బండలు పోయిన వూళ్లు

కోస్తాకు నా కంటే ముందు మా వూరి రాళ్లు పోయినాయి.

ఎర్రగుంట్ల చుట్టుపక్కల కాస్త లోతుగా తవ్వితే నాపరాయి తగులుతుంది. పొరలు పొరలుగా వుంటుంది, పుస్తకంలో కాగితాల మాదిరి. గునపం మొన పెట్టి పొర లేపి, సైజుకు కోసి, పాలిష్ పట్టి లారీకెక్కిస్తే అది నెల్లూరు పోతుంది, ఒంగోలు పోతుంది, గుంటూరు, బెజవాడ, రాజమండ్రి, వైజాగు దాకా పోతుంది. మా జిల్లా దాటినాక దాని పేరు నాపరాయి కాదు, కడపబండ. మీలో కోస్తావాళ్లు వుంటే మీ పాత ఇంటి వంటగదిలోనో వసారాలోనో ఒకసారి కిందికి చూడండి. ఆ నీలిబూడిద రంగు మాది.

మాది కలమల్ల. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల – ఈ మూడింటి నడుమ వూరు. 1994లో కరెంటు పుట్టించడం మొదలుపెట్టిన రాయలసీమ థర్మల్ స్టేషన్ పేరు చెప్తే ఇప్పుడు చాలామందికి తెలుస్తుంది. అంతకు ముందు ఎర్రగుంట్ల అని చెప్పుకొని సరిపెట్టుకునేవాళ్లం.

మేం దూదేకులోళ్లం. మా అబ్బ విల్లు భుజాన వేసుకొని ప్రొద్దుటూరు చుట్టూ పల్లెలు తిరిగి, దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఏకే మిషన్లు వచ్చినాక విల్లు అటకెక్కింది, మా నాయన గనిలోకి దిగినాడు. నేను ఇంటర్ దాకా చదివి పాలిష్ ఫ్యాక్టరీలో గుమస్తాగా కుదిరినాను. మా ఇంట్లో ఉర్దూ లేదు. తిట్టుకున్నా తెలుగే, ఏడ్చినా తెలుగే, నిద్రలో కలవరించినా తెలుగే. నమాజులో చదివే నాలుగు సూరాలు అరబ్బీ. పీర్ల పండగలో పాడేది మళ్లీ తెలుగు. మా పేర్లు కూడా అట్లే వుంటాయి. నా పేరులో ముందు సగం కర్బలా నుంచి వచ్చింది. వెనక సగం – అప్ప – మా పెన్నగట్టుది.

1989లో మా షావుకారి నన్ను వసూళ్లకు వేసినాడు. "నీకు లెక్కొచ్చు, నోరు మెత్తన. కోస్తా పోయి బాకీలు తీసుకరా అబ్బీ" అన్నాడు. బండలు అరువు మీద పోతాయి, దుడ్లు ఆర్నెల్లకు గానీ తిరిగి రావు. అట్లా పన్నెండేండ్లు, నెలకు పది దినాలు, చంకలో బాకీల పుస్తకంతో కోస్తా వూళ్లన్నీ తిరిగినాను. యాత్రికులకు గుళ్లు తెలుస్తాయి, చదువుకున్నోళ్లకు కాలేజీలు తెలుస్తాయి. నాకు బండల డిపోలు తెలుసు, చవక లాడ్జీలు తెలుసు, ఏ వూర్లో జుమా నమాజుకు ఏ మసీదు దగ్గరో తెలుసు. ఏ వూర్లో నా పేరు చెప్పినాక ఎంతసేపు మాట ఆగిపోతుందో, అది కూడా తెలుసు.

ఎర్రగుంట్లలో రైలెక్కి, రేణిగుంటలో మారి, గూడూరు మీదుగా పోతే మొదట నెల్లూరు. ఆ వూరు నాకు పరాయిగా తోచలేదు. పెన్న వుంది కదా. గండికోట కింద రాళ్లను చీల్చుకొని, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కన ఎండిపోయి పడుకునే మా పెన్నే నెల్లూరు పక్కగా పోయి సముద్రంలో కలుస్తుంది. మా దగ్గర అది ఏడాదిలో ఎక్కువ దినాలు ఇసుక. నెల్లూరులో దాన్ని నమ్ముకొని వరి పండిస్తారు. మొదటిసారి ఆ వంతెన మీద నిలబడినప్పుడు మా జేజి గుర్తొచ్చింది. పుట్టినింట్లో ఎండిపోయి, మెట్టినింట్లో పచ్చగా వున్న ఆడబిడ్డను చూసినట్టయింది.

నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా వుంది. పన్నెండుమంది షహీదుల సమాధులు. మొహర్రం దినాల్లో అక్కడ రొట్టెల పండగ. చెరువు నీళ్లలో దిగి నిలబడి, ఒకరి చేతి రొట్టె ఒకరు తీసుకుంటారు. పెండ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె – ఎవరి కోరిక ఏదైతే ఆ రొట్టె అడిగి తీసుకోవాలి. కోరిక తీరితే మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇయ్యాలి. నేను పోయిన ఏడాది నాకు ఇంటి రొట్టె ఇచ్చిన ఆమె నుదుట రూపాయంత బొట్టు వుంది. ఏ వూరని అడగలేదు, ఏ కులమని అడగలేదు. "ఇల్లు కట్టుకున్నాం నాయనా, నువ్వూ కట్టుకో" అనింది. నాకు అప్పటికి ఇల్లు కట్టుకునే ఆలోచనే లేదు. రొట్టె మెత్తగా వుందని తినేసినా.

అదే నెల్లూరులో, ఆ మరుసటి శుక్రవారమే, మసీదులో ఒక పెద్దాయన సలాం చెప్పి ఉర్దూలో ఏదో అడిగినాడు. నేను తెలుగులో బదులు చెప్పినా. ఆయన మొహం మారింది. "ఉర్దూ నై ఆతీ క్యా? కైసే ముసల్మాన్ హో?" అన్నాడు. పక్కనున్నోడు నా తరఫున సర్దిచెప్పినట్టు "దూదేకులోళ్లు లెండి" అన్నాడు. ఆ 'లెండి' వుంది చూడండి, దాన్ని నేను ఈ రోజుకీ మరిచిపోలేదు.

కోస్తాలో నాకు ఎదురైన రెండో ప్రశ్న దీనికి తిరగలి రెండో రాయి. "సాయిబుగారూ, తెలుగు బాగా మాట్లాడతారే, ఎక్కడ నేర్చుకున్నారు?"

మొదట్లో నవ్వి వూరుకునేవాణ్ని. మెచ్చుకుంటున్నారనే అనుకున్నా. మెప్పు కాదని ఏలూరులో తెలిసింది. ఏలూరు నాకు ఇష్టమైన వూరు. తివాచీలు నేసే ముస్లిం కుటుంబాలుండే వూరు. ఆ పనితనం పారసీకం నుంచి వచ్చినోళ్లు తెచ్చిందని చెప్తారు. అక్కడ ఒక డిపో యజమాని నాలుగువేలు లెక్కపెట్టి నా చేతికిచ్చినాడు. నా సంచిలో రసీదు పుస్తకం లేదు, లాడ్జీలో పెట్టి వచ్చినా. "రసీదు సాయంత్రం ఇచ్చా" అన్నాను.

ఆయన సొరుగు లాగి చూసినాడు. "ఎప్పుడిచ్చావయ్యా?"

"సాయంత్రం."

"ఏ సాయంత్రం? నిన్ననా?"

"నిన్న కాదు సార్, ఈ సాయంత్రమే."

"పొద్దున పది కొట్టలేదు, సాయంత్రం ఎలా ఇచ్చావు?"

హమాలీలు పనులాపి నవ్వుతున్నారు. మా వైపు 'ఇచ్చా' అంటే ఇస్తాను అని. 'రేపొచ్చా' అంటే రేపు వస్తాను అని. అయిపోయినదానికి ఇచ్చినా, వచ్చినా అంటాం. వాళ్లకు 'ఇచ్చా' అంటే ఇచ్చేశాను అని. వసూళ్ల గుమస్తాకు ఇంతకన్నా చెడ్డ మాట వుంటుందా! బాకీదారు "రేపిచ్చా" అని మా యాసలో అన్నాడా, వాళ్ల యాసలో "ఇచ్చా" అన్నాడా అని నేనూ చాలాసార్లు బిత్తరపోయినా. అంతవరకు నాకూ నవ్వొచ్చింది. అప్పుడా యజమాని హమాలీల వైపు తిరిగి, "పాపం సాయిబులకి తెలుగు క్రియలు రావురా" అన్నాడు.

మా వూర్లో రెడ్లు ఇట్లే అంటారు. బ్రాహ్మలు ఇట్లే అంటారు. మాలమాదిగలు, బోయలు అందరూ ఇట్లే అంటారు. అదే మాట మా షావుకారి అంటే సీమ యాస. నేనంటే సాయిబు తెలుగు. నోరు మారలేదు, మాట మారలేదు, పేరొకటే మారింది. మీరే చెప్పండి, తప్పు క్రియాపదంలో వుందా?

గుంటూరు సంగతి వేరు. గుంటూరులో నాలాంటోళ్లు కుప్పలు తెప్పలు. మిర్చి ఘాటుకు కండ్లలో నీళ్లు కారుతుంటే ఒక టీ అంగట్లో కూచున్నా. పక్కనే ఒకాయన పరుపు కుడుతున్నాడు. సూది పట్టుకున్న తీరు మా అబ్బదే. వూరు అడిగినాడు, చెప్పినా. "దూదేకులా? మేం నూర్‌బాషాలం" అన్నాడు. ఒకటే కులం, ఒకటే పని. సీమలో దూదేకుల, కోస్తాలో నూర్‌బాషా, ఇంకోచోట పింజారి, ఇంకోచోట లద్దాఫ్. ప్రభుత్వ కాగితాల మీద నాలుగు పేర్లూ ఒక్క వరుసలో బీసీ–బి కింద వుంటాయి. 2007లో తక్కిన పేద ముస్లింలకు బీసీ–ఇ అని నాలుగు శాతం ఇచ్చినప్పుడు మేం అందులో లేము, ముందే బి లో వున్నాం గనక. రిజర్వేషన్ దగ్గర కూడా ముస్లింలు ఒక బడిలో, మేం ఒక బడిలో.

ఆయన టీ డబ్బులు నన్ను ఇయ్యనీలేదు. "మనోడివి" అన్నాడు. కోస్తాలో నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. గుంటూరులో జిన్నా టవర్ వుంది. స్వాతంత్ర్యానికి ముందు కట్టింది. 2022లో దాని పేరు మార్చాలని గొడవ చేస్తే, ఫిబ్రవరిలో దానికి మూడు రంగులు వేసినారు. టీవీలో ఆ రంగులు చూస్తా వుంటే, నాకు టవర్ కంటే ఎక్కువగా ఆ పరుపులాయన గుర్తొచ్చినాడు. ఆయన అంగడి ఆ వీధికి ఎంతో దూరం లేదు.

ఇక బెజవాడ. దీని గురించి రాయాలనే ఇదంతా మొదలుపెట్టినా.

1991లో మా షావుకారి బెజవాడలో సొంత డిపో పెడతానన్నాడు. నన్ను అక్కడే వుండమన్నాడు, జీతం పెంచుతానన్నాడు. నా భార్యను, యాడాది పాపను వెంటబెట్టుకొని ఇల్లు వెతకడానికి పోయినా. మూడు దినాల్లో తొమ్మిది ఇండ్లు తిరిగినాం. ఎనిమిది ఇండ్ల సంగతి ఒక్క మాటలో అయిపోతుంది: పేరు అడిగినారు, "నిన్ననే ఎవరికో మాటిచ్చాం" అన్నారు. తొమ్మిదో ఇల్లు మాత్రం అట్లా కాదు.

ఇంటామె మంచామె. నా భార్య చీరకట్టు, బొట్టు చూసి (మా ఇండ్లలో ఆడోళ్లు కొందరు బొట్టు పెట్టుకుంటారు) లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. పాపను ఎత్తుకుంది. బాడుగ, కరెంటు, నీళ్లు అన్నీ మాట్లాడుకున్నాం. పాప ఏడిస్తే నా భార్య కింద కూచొని పాలు పట్టింది. నేను వూరికే నిలబడలేక కిందికి చూసినా. మా బండలు. మా వూరి పక్క గని రాయే. ఆ గనిలో ఒక పొర దగ్గర సన్నటి తెల్లగీత వస్తుంది, దారం పోగు మాదిరి. మా నాయన దిగిన గని అది. ఆ గీత నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

సంతోషం ఆపుకోలేక, "అమ్మా, ఈ బండలు మా వూరివి" అన్నాను.

"అవునా, ఏ వూరు బాబూ? పేరేంటన్నావు?"

చెప్పినా. ముందు సగం దగ్గరే ఆమె ఆగిపోయింది. అప్ప దాకా వినలేదు.

పాపను మెల్లగా నా భార్య చేతికిచ్చింది. "మాకు అలాంటివేం లేవు బాబూ. కానీ ఇంట్లో పూజలూ, పండగలూ... మా అత్తగారు పెద్దావిడ. మీకే ఇబ్బంది" అనింది. మాకే ఇబ్బందంట! దేవుని కడపలో ఉగాది పొద్దున్నే వెంకటేశ్వరస్వామి గుడిముందు భత్యం పట్టుకొని బారులు తీరే తురకోళ్లను ఆమె చూడలేదు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మాకు అల్లుడు. అల్లుడి గుడికి పోవడానికి లేని ఇబ్బంది, బాడుగింట్లో వుండడానికి వచ్చిందని ఆమెకు ఎట్లా చెప్పేది? చెప్పలేదు. మజ్జిగ గ్లాసు కడిగి పెడతానని నా భార్య లేచింది. ఆమె వద్దనింది. వద్దని అన్నప్పుడు ఆమె కండ్లలో నిజంగానే బాధ వుంది. నేను అబద్ధం రాయను. బాధ వుంది, ఇల్లు లేదు.

అదే సాయంత్రం ముస్లింలు ఎక్కువగా వుండే వీధిలో ఒక ఇల్లు చూపించినారు. అక్కడ ముసలామె నా భార్యను ఉర్దూలో పలకరించింది. నా భార్య నా వైపు చూసింది. నేను గోడ వైపు చూసినా. "సోచ్‌కే బోల్తే" అన్నారు. ఇప్పటికీ చెప్పలేదు. రాత్రి రైల్లో నా భార్య, "ఒక వీధిలో తురకోళ్లం ఎక్కువైపోయినాం, ఇంకో వీధిలో తక్కువైపోయినాం. సరిపోయే వీధి యాడుందో చూసి పిలువు, అప్పుడొచ్చా" అనింది. మళ్లీ ఆమె బెజవాడ రాలేదు. షావుకారి డిపోకు వేరే మనిషిని పెట్టుకున్నాడు. నేను వసూళ్లలోనే వుండిపోయినా.

1992 డిసెంబరు 6 ఆదివారం. ఆ దినం నేను బెజవాడ లాడ్జీలో వున్నా. మూడేండ్లుగా దిగే లాడ్జీ. కుర్రోళ్లకు నా టీ లెక్క కూడా తెలుసు. సోమవారం పొద్దున కౌంటర్ మీదాయన పైకొచ్చి తలుపు దగ్గరే నిలబడి, "ఎందుకైనా మంచిది, ఖాళీ చేయండి" అన్నాడు. ఎవరికి మంచిది అని నేను అడగలేదు. రిజిస్టర్‌లో నా పేరున్న పేజీ మీద ఆయన చెయ్యి పెట్టి వుంది. దాచినట్టుందో, పట్టుకున్నట్టుందో నాకు తెలీలేదు.

వూరికి పోదామంటే రైళ్ల సంగతి ఎవరూ సరిగా చెప్పరు. డిపోకు పోయినా. కాపలా మనిషి మా సీమవాడే. బండలు నిలువుగా ఆనించిపెట్టిన రెండు వరుసల మధ్య గోనెపట్టాలు పరిచి, "ఈడ పండుకో, బయటికి కనపడవు" అన్నాడు. డిసెంబరు చలికి రాయి మంచు ముద్ద. ఆ రాత్రంతా మా వూరి రాళ్ల మధ్య పండుకున్నా. ఆ బండల మీద చెయ్యి పెట్టి తడుముతుంటే, ఇవి ఇక్కడికి వచ్చినప్పుడు వీటిని ఎవరూ పేరు అడగలేదు కదా అనిపించింది. తర్వాత నవ్వొచ్చింది. రాళ్లకు కూడా పేరు మార్చినారు గదా, కడపబండలని.

మరుసటి దినం డిపో యజమాని వచ్చినాడు. ఆయన నాతో ఒకే ప్లేటులో ఇడ్లీ తిన్న మనిషి. ఏమీ మాట్లాడలేదు. ఏడాదిగా నెలకింత అని నానబెడుతున్న బాకీ మొత్తం ఒక్కసారిగా తెచ్చి చేతిలో పెట్టినాడు. "లెక్క చూసుకో. జాగ్రత్తగా వూరెళ్లు" అన్నాడు. కాపలా మనిషిని తోడిచ్చి స్టేషన్‌కు పంపినాడు. నా దారి ఖర్చుకు, నా భయానికి సాయమని ఇచ్చినాడా, ఇంతటితో నీకూ నాకూ లెక్క తెగిపోయిందని ఇచ్చినాడా? ముప్పై ఏండ్లు దాటింది. రెండూ అయివుండొచ్చు. లౌకికవాదులైన నా మిత్రులు మొదటిదే అంటారు. నా ఈడు ముస్లింలు రెండోదే అంటారు. ఆ రూపాయలు మాత్రం సరిగ్గా వున్నాయి, ఒక్కటి తగ్గలేదు.

మచిలీపట్నం పోయినప్పుడల్లా నా మనసు కుదుటపడేది. బాకీలు తక్కువ, చూడాల్సింది ఎక్కువ. గోల్కొండ సుల్తానులకు సముద్రద్వారం ఆ వూరు. 1611లోనే ఇంగ్లీషోళ్లు అక్కడ కొట్టు పెట్టినారు. 1864 తుఫాను వేలమందిని మింగింది. ఆ గొప్పతనంలో ఇప్పుడు మిగిలింది కొద్ది. మా గండికోటను పట్టుకున్న మీర్ జుమ్లా అంతకుముందు ఆ రేవు మీద అధికారి. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 1652లో మచిలీపట్నంలో దిగి, మద్రాసు మీదుగా గండికోటకు వచ్చి ఆయన్ని కలుసుకున్నాడు. అంటే నేను తిరిగే దారి కొత్తదేం కాదు. కాకపోతే ఆయన తన బేరానికి పోయినాడు, నేను రాళ్ల దుడ్లు అడగడానికి పోతున్నా.

అక్కడికి దగ్గర్లో పెడనలో కలంకారీ అద్దే ఒక ముసలాయన నా వూరి పేరు విని, "కలమల్లా? మీదీ కలం పనేనా?" అని నవ్వినాడు. కలం, కారీ రెండూ ఫార్సీ మాటలే. అయినా ఆ వూళ్లో కలం పట్టరు, చెక్క అచ్చులతో అద్దుతారు. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. పేరొకటి, పని ఇంకొకటి – నాకు ఆ అద్దకం మీద ప్రేమ అందుకే కలిగిందేమో.

రాజమండ్రిలో నా వూరు నాకు తెలిసింది. ఎంత విచిత్రం చూడండి. 1996 ఎండాకాలం. రిటైరైన తెలుగు పంతులుగారొకరు ఇల్లు కట్టుకుంటూ బండల కోసం డిపోకు వచ్చినారు. రాజమండ్రి వాళ్లకు తెలుగంటే నన్నయ, నన్నయంటే గోదావరి. మాటల మధ్యలో నా వూరడిగినారు. ఎర్రగుంట్ల అన్నాను.

"ఎర్రగుంట్ల టవునేనా?"

"పక్కన పల్లె సార్. కలమల్ల."

ఆయన చేతిలో బండ ముక్క కింద పెట్టేసినారు. "కలమల్లా? నువ్వు కలమల్ల వాడివా?" అని రెండుసార్లు అడిగినారు. అప్పుడు చెప్పినారు. మా వూరి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన శాసనం క్రీస్తుశకం 575 నాటిదని, రేనాటిచోళ రాజు ధనంజయుడిదని, పూర్తిగా తెలుగులో రాసిన శాసనాల్లో ఇంతవరకు దొరికినవాటిలో అదే మొదటిదని. నన్నయ కంటే సుమారు 475 ఏండ్లు ముందుదని. ఆ గుడి దగ్గర మేం గోలీలాడినాం. అక్కడ పడివున్న రాళ్లలో ఏది అక్షరమో ఏది గీతో మాకు చెప్పినోడు లేడు. బళ్లో కూడా ఒక్క అయ్యవారు చెప్పలేదు. రాజమండ్రి పంతులుగారు చెప్తే గానీ నా వూరు ఏదో నాకు తెలీలేదు.

నా బిల్లు వెనకాల ఆ శాసనం మాటలు కొన్ని రాసి చూపించినారు. అందులో 'రేనాడు' అనే మాట చూసి నాకు గొంతు పట్టేసింది. మా వైపు ముసలోళ్లు ఇప్పటికీ ఆ మాటంటారు. ఆ బిల్లు నా దగ్గర ఇంకా వుంది.

బిల్లు మీద పేరు రాయాల్సి వచ్చింది కదా, అప్పుడు చూసినారు. "ముస్లిములా?" అన్నారు. అవునన్నాను. కాసేపు వూరుకొని, ప్రేమగానే, నిజంగా ప్రేమగానే, "అందుకన్నమాట. ఆ వూరి గాలి సోకింది నీకు. అందుకే తెలుగు అంత బాగా వచ్చింది" అన్నారు.

నాకు తెలుగు గాలికి సోకలేదు సార్, మా అమ్మ పాలతో వచ్చింది అని చెప్పాలనుకున్నా. ఆయన పెద్దాయన, పైగా నా వూరిని నాకిచ్చిన మనిషి. అడిగిన రేటుకంటే అడుగుకు పావలా తగ్గించి ఇప్పించినా.

తర్వాత నేను లైబ్రరీల్లో కూచొని చదువుకున్నా. అక్కడ తెలిసింది ఇంకొక ముచ్చట. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు – ఈ అయిదూ నిజాం పాలనలో సర్కార్లు. అందుకే అవి సర్కారు జిల్లాలు. సర్కార్ ఫార్సీ మాట. నెల్లూరు మాత్రం ఆర్కాటు నవాబులది. మా జిల్లాలను 1800లో నిజాం కంపెనీకి ధారపోస్తే దత్తమండలాలమయినాం. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని మంచి పేరు పెట్టుకున్నాం. 1937లో శ్రీబాగ్‌లో ఒప్పందం రాసుకున్నప్పుడు సర్కారు పెద్దలు, సీమ పెద్దలు ఎదురెదురుగా కూచున్నారు. ఆ గదిలో ఆ 'సర్కారు' అనే మాటకు మాత్రం ఎవరూ తెలుగు ఎక్కడ నేర్చుకున్నావని అడిగినట్టు లేదు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు మా వూరి శాసనం మాట పేపర్లలో వచ్చింది. మా వాళ్లు చదివి, "మన రాయేనంట" అనుకున్నారు. మన అన్నప్పుడు అందులో దూదేకులోళ్లం కూడా వున్నాం. మా వూర్లో ఆ మాటకు లెక్కలు అడగరు. అడగరు అంటే, ఇంకా మొదలు కాలేదు.

వైజాగు గురించి తక్కువే చెప్తా, అక్కడ నాకు చెడు జరగలేదు గనక. మచిలీపట్నంలో సముద్రం వూరికి దూరంగా, బురదకు అవతల వుంటుంది. వైజాగులో వీధి చివర నిలబడి వుంటుంది. రేవు దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇస్‌హాక్ మదనీ దర్గా. ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ మూడు కొండలను బాగా వాడుకుంటారు. నేను దర్గా కొండెక్కి కూచున్నప్పుడు నాకు కనిపించింది వేరే. మూడూ వేరువేరు కొండలు. నడుమ దిగి, వీధి దాటి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్లున్నోడికే ఐక్యత.

2001లో వసూళ్ల పని మానుకున్నా. ఇప్పుడు ఇండ్లలో టైల్సు, గ్రానైటు. కడపబండ పెరట్లోకి పోయింది. మా చిన్నపాప బెజవాడలో నర్సుగా చేరి రెండేండ్లయింది. హాస్టల్‌లో వుంటా ఇల్లు వెతుకుతుంది. నేను పోయి తోడుంటానంటే, "నువ్వొస్తే ఇంకా దొరకదు నాయనా" అని నవ్వింది. ఇల్లు చూసుకోవడం ఇప్పుడు ఫోన్లోనే. పేరు చెప్పినాక వచ్చే నిశ్శబ్దం అందులో ఇంకా బాగా వినపడుతుందంట.

పోయిన నెల ఒక రాత్రి ఫోన్ చేసింది. బస్సులో వుంది, రొద. ఇల్లు చూసిందంట. ఇంటామె పేరు మొత్తం అడిగిందంట, చెప్పిందంట. పాత ఇల్లే గానీ గాలి బాగా వస్తుందంట. కింద మన బండలేనంట.

"అడ్వాన్సు సంగతేమయింది?" అన్నా.

"ఇచ్చా నాయనా" అనింది. ఫోన్ కట్టయింది.

ఆ పిల్ల బెజవాడ పోయి రెండేండ్లు. ఇచ్చేసినానని అనిందో, ఇస్తానని అనిందో తెలీక, ఆ రాత్రి నేనూ నా భార్యా చానాసేపు మేలుకొనే వున్నాం.